భల్లూకానికి భూదానం

దానాలలో భూదానానికి మన పూర్వులు పెద్దపీట వేశారు. దేవునికి, పండితునికి, సత్రానికి, చెరువుకు భూములిచ్చి, ఆ భూముల ఎల్లలను రాతిమీద చెక్కించిన రాజుల పేర్లు మన శాసనాలనిండా ఉన్నవి. మన కాలానికి వస్తే, 1951 ఏప్రిల్ 18వ తేదీన నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు భూమిలేని పేదలకు నూరెకరాలు ఇస్తానని నిండుసభలో లేచి పలికారు. ఆచార్య వినోబా భావే భూదానోద్యమం ఆ మాటతోనే పుట్టినది. ఈ దానాలన్నిటిలోను ఇచ్చేవాడు మనిషి. పుచ్చుకునేవాడు మనిషి, కాకుంటే మనిషి కొలిచే దైవం. అడవిమృగం నివసించే చోటును కాపాడడానికి ఊరూరా చందాలు పోగుచేయడం మాత్రం ఇటీవలి చరిత్ర. ఆ చరిత్ర ఉత్తర అమెరికా కొండలలో నడచినది. అందులో శ్రీకాకుళం జిల్లావారు ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉన్నది.

ఉత్తర అమెరికాలో గ్రిజ్లీ అనే ఎలుగుజాతి ఉన్నది. భుజాలమీద మూపురం వంటి కండ, కొసలు నెరసినట్లుండే గోధుమవన్నె వెంట్రుకలు దాని గుర్తులు. 1800 ప్రాంతంలో, అలాస్కాను మినహాయిస్తే, నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాల నేలమీద సుమారు 50,000 గ్రిజ్లీలు తిరుగుతుండేవని శాస్త్రజ్ఞుల అంచనా. వలసజనం పడమటికి సాగినకొద్దీ తుపాకి, బోను, విషం వాటిని వెంటాడాయి. 1975లో ప్రభుత్వం వాటిని ప్రమాదంలో పడిన జాతిగా ప్రకటించేనాటికి మిగిలినవి 700, 800 మధ్య మాత్రమే. కాలిఫోర్నియా రాష్ట్రం 1911లో తన పతాకంమీద గ్రిజ్లీని శాసనపూర్వకంగా నిలిపినది. ఆ రాష్ట్రంలో చిట్టచివరి గ్రిజ్లీని 1922లో చంపారని చెబుతారు. 1924 తరువాత అక్కడ గ్రిజ్లీ కంటబడినట్లు దాఖలా లేదు. ఈనాడు వేలాది తెలుగు కుటుంబాలు ఆ జెండా నీడన నివసిస్తున్నవి. జెండామీద ఎలుగున్నది, కొండమీద లేదు.

చట్టం తుపాకిని ఆపగలదు గాని, పోయిన నేలను తిరిగి తేలేదు. గ్రిజ్లీ ఒక్కటే వందల చదరపు కిలోమీటర్లు తిరుగుతుంది. ఎత్తైన కొండలు ప్రభుత్వ అడవులైనా, మంచు కరిగే కాలంలో అది మేతకు దిగివచ్చే లోయలు, రెండు అడవులను కలిపే సన్నని నేలలు సొంతదారుల చేతులలో ఉన్నవి. అక్కడ ఇళ్లు లేచి కంచెలు పడితే రెండు అడవుల ఎలుగులు విడిపోయి, గుంపు గుంపుగా క్షీణిస్తాయి. ఈ కీలకాన్ని గ్రహించినవారిలో సినిమా ఎలుగును పెంచిన దంపతులు, డగ్ సూస్, లిన్ సూస్ ఉన్నారు. వారు పెంచిన బార్ట్ అనే ఎలుగు 1988లో వచ్చిన ‘ది బేర్’ అనే చిత్రంలో నటించి లోకప్రసిద్ధి పొందినది. ఆ దంపతులు 1990లో ‘వైటల్ గ్రౌండ్’ అనే సంస్థను స్థాపించి, చందాలతో మోంటానా రాష్ట్రంలో 240 ఎకరాలు గ్రిజ్లీల కోసం కొనడానికి తోడ్పడ్డారు. నేటికీ ఆ సంస్థ అటువంటి నేలలను కొంటున్నది. కొనలేనిచోట, ఇళ్లు కట్టకుండా ఉండేటట్లు సొంతదారులతో ఒడంబడికలు చేసుకుంటున్నది.

కెనడాలో మరొక చిత్రమైన కొనుగోలు జరిగినది. బ్రిటిష్ కొలంబియా సముద్రతీరపు అడవులలో ధనికులను వేటకు తీసుకుపోయే హక్కును ప్రభుత్వం వ్యాపారులకిచ్చేది. 2005లో రెయిన్‌కోస్ట్ అనే సంస్థ చందాలు పోగుచేసి, 24,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతంమీద ఆ వేటహక్కును కొన్నది. కొని, వేటను మాన్పినది. 2017 డిసెంబరులో ఆ రాష్ట్ర ప్రభుత్వమే గ్రిజ్లీ వేటను నిషేధించినది. చందాదారులు ముందు నడిచారు. ప్రభుత్వం తరువాత వచ్చినది.

ఇక మన ఎలుగు సంగతి. 1791లో జార్జి షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీని పొడవైన గోళ్లను, పై దవడలో రెండు ముందుపళ్లు లేకపోవడాన్ని చూసి, దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే ‘స్లాత్’ అనే జంతువుకు చుట్టమనుకుని పేరు పెట్టాడు. ఆ పళ్లు లేకపోవడం లోపం కాదు. పుట్టను గోళ్లతో తవ్వి, ముక్కుపుటాలు మూసి, ఆ సందుగుండా చెదపురుగులను లోనికి పీల్చుకోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. పిల్లలను వీపుమీద ఎక్కించుకుని తిరిగే ఎలుగు ఇది. భారతదేశంలోను, నేపాళంలోను, సింహళంలోను తప్ప దీని ఉనికి నేడు దాదాపుగా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి మొదటి షెడ్యూలులో స్థానమిచ్చినది. మనవారికి ఈ జంతువు పరాయిది కాదు. ఏటా వినాయకచవితినాడు శమంతకోపాఖ్యానంలో జాంబవంతుని గుహను తలచుకోని తెలుగు ఇల్లు అరుదు. శ్రీకృష్ణుడంతటివాడు ఎలుగు ఇంటికి పోయి ఇరువది ఎనిమిది దినాలు పోరాడవలసి వచ్చిన కథ అది.

నేడు శ్రీకాకుళం జిల్లాలో ఎలుగే మనిషి ఇంటికి వస్తున్నది. మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలు ఉద్దానం పేరిట ప్రసిద్ధమైనవి. కొబ్బరి, జీడిమామిడి, పనస అక్కడి సంపద. పడమట మహేంద్రగిరివైపు కొండలు, తూర్పున సముద్రం, నడుమ తోటలు, ఊళ్లు. కొండలలో రాతిగనులు లోతవుతున్నవి. పొదలు కరిగి పోడు, తోటలు పెరిగాయి. వేసవిలో నీటిగుంటలు ఎండుతున్నవి. జీడిపండు వాసన, పండిన పనస తీపి ఎలుగును కిందికి పిలుస్తున్నవి. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుఫాను ఉద్దానం తోటలను నేలకూల్చినది. ఆ ఏడే జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలు మరణించారు. గ్రామస్థులు ఎలుగును చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరు మరణించారు, పలువురు గాయపడ్డారు. మత్తుమందిచ్చి పట్టిన ఆ ఎలుగు విశాఖపట్నం జంతుప్రదర్శనశాలకు చేరకముందే ప్రాణాలు విడిచినది. ఇటువంటి కథలో గెలిచినవారు లేరు.

మనమూ చందాలెత్తి భల్లూకానికి భూదానం చేద్దామా? అమెరికాలో నప్పిన పద్ధతి ఇక్కడ యథాతథంగా నప్పదు. మన కొండలు చాలవరకు ప్రభుత్వానివి, అమ్మకానికి లేవు. తోటలేమో ఎకరమో రెండెకరాలో గల రైతులవి. జీడిపిక్కల రాబడిమీద పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి ఆధారపడిన ఇంటిని ‘ఎలుగు కోసం తోట విడువు’ అని అడగడం ధర్మం కాదు. అడిగినా సాగదు. కనుక ఇక్కడ దానం నేలకు గాక, ఎలుగు పక్కన బ్రతికే మనిషికి చేరవలసి ఉన్నది. నష్టం మోసేవాని బరువు దించని దానం అడవిని కాపాడలేదు.

ఇది ఊహ కాదు. మన దేశంలోనే దీనికి నిదర్శనమున్నది. తరతరాలుగా ఎలుగుపిల్లలను పట్టి, ముక్కుకు తాడు గుచ్చి, వీధులలో ఆడించి పొట్టపోసుకున్న కలందరు జాతివారు ఉత్తర, దక్షిణ దేశాలలో ఉండేవారు. 1972 చట్టం ఆ వృత్తిని నిషేధించినా అది ఆగలేదు. ఆ ఇళ్లలో అన్నం ఆ తాడుకే కట్టి ఉన్నది. 1995లో ఏర్పడిన ‘వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్.’ సంస్థ దేశవిదేశాల చందాలతో రెండు పనులు ఒకేసారి చేసినది. ఒకవంక ఆగ్రా వద్ద ఎలుగులకు ఆశ్రయం కట్టినది. మరొకవంక ఎలుగును అప్పగించిన కుటుంబానికి కొత్త జీవనోపాధికి పెట్టుబడి, పిల్లలకు చదువు సమకూర్చినది. 2002 చివర మొదటి ఎలుగు ఆశ్రయం చేరినది. 2009 ముగిసేలోగా చివరిది చేరినది. ముప్ఫైయేళ్లు శాసనం చేయలేని పని ఏడేళ్లలో నెరవేరినది.

ఈ నీతి మన జిల్లాకు కొత్త కాదు. పొందూరు పేరు వినగానే సన్నఖద్దరు స్ఫురిస్తుంది. కొండపత్తిని వాలుగ చేప దవడపళ్లతో దువ్వి, ఏకులు చేసి, నూరో కౌంటు దారం తీసే స్త్రీల నేర్పు మిల్లుబట్ట పోటీలో అంతరించవలసినదే. 1921 జూన్ నెలాఖరులోగా తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు చేర్చాలని గాంధీమహాత్ముడు పిలుపిచ్చారు. అణాలతో, నగలతో జనం దానిని నింపారు. 1929లో ఆయన ఆంధ్రదేశమంతా తిరిగి ఖద్దరు కోసం నిధి పోగుచేశారు. ఆ ధనంతో ఖద్దరుకు గుడి కట్టలేదు. పత్తిగా, రాట్నంగా, వడికినవారికి కూలిగా అది ఇళ్లకు చేరినది. 1949లో పొందూరులో ఏర్పడిన ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఆ దారిలోనే నడచినది. వడికే చేయి నిలిచినది కనుక ఖద్దరు నిలిచినది. ఆ దువ్వెన కూడా నదిలో వాలుగ చేప బ్రతికినంతకాలమే దొరుకుతుందని పొందూరు స్త్రీలకు ఒకరు చెప్పనక్కరలేదు.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో మరొక రకం దానం జరుగుతున్నది. చలికాలంలో గూడబాతులు, రంగుకొంగలు వచ్చి ఊరి చెట్లమీద గూళ్లు కడతాయి. వాటి అరుపులు, రెట్టలు, వాసన ఊరే భరిస్తుంది. పక్షులు వస్తే వానలు, పంటలు బాగుంటాయని వారి విశ్వాసం. ఏ లెక్కకూ ఎక్కని ఈ ఓర్పు కూడా దానమే. కాని కొంగను ఓర్చుకోవడం వేరు, ఎలుగును ఓర్చుకోవడం వేరు. కొంగ ప్రాణం తీయదు. అందుచేత ఉద్దానం రైతును ఉత్త ఓర్పు మాత్రమే అడిగి ఊరుకోరాదు.

ఉద్దానం ఎలుగు పేర ఎవరైనా చందాపుస్తకం తెరిస్తే, ఆ పుస్తకంలో ఖర్చులు ఇలా ఉండాలి: వేసవిలో కొండమీద నీటిగుంటలు, నేరేడు, రేగు, మేడి వంటి పండ్లచెట్లు, ఊరి చివర వీధిదీపాలు, తెల్లవారకముందు తోటకు పోయేవారు గుంపుగా, చప్పుడు చేస్తూ పోయేటందుకు కావలికాండ్రు, దెబ్బతిన్న ఇంటికి ప్రభుత్వ పరిహారం చేతికందేలోగా వైద్యానికి, తిండికి కాసింత సొమ్ము. ఇవేవీ ఘనమైన ఖర్చులు కావు. స్వరాజ్యనిధికి గాజులు తీసియిచ్చిన స్త్రీల జిల్లాకు అవి పెద్ద బరువు కావు.

కాలిఫోర్నియావారు తమ ఎలుగును జెండామీద దాచుకున్నారు. మనకు అది ఇంకా మహేంద్రగిరి కొండలలో ఉన్నది. వ్రతకథలో తప్ప జాంబవంతుడు మిగలని రోజు మన పిల్లలకు రాకుండా చూడవలసినవారు పట్నాలలో ఉన్న మనమే. ఎందుకంటే ఆ ఎలుగు వల్ల మన తోట పోదు, మన ప్రాణం పోదు. పోయేవారి తరపున ఇవ్వడమే మన వంతు.