జావా నేర్పిన మైనం పని

1926లో కలకత్తాలో గ్రేటర్ ఇండియా సొసైటీ ఏర్పడింది. జావా, సుమత్రా, బాలి, చంపా, కంబోడియాలు ఒకప్పటి భారతీయ వలసలని చెప్పడం అందులోని చరిత్రకారులకు ఇష్టమైన పని. ఆర్.సి. మజుందార్ 1927లో చంపా మీద వెలువరించిన గ్రంథం 'ప్రాచీన భారత వలసలు' అన్న వరుసలో మొదటిది. మనవాళ్లు వెళ్లి నేర్పారు, అక్కడివాళ్లు నేర్చుకున్నారు, ఇదీ ఆ కథ. ఒకడు పుట్టుకతోనే గురువు, మరొకడు ఎన్నటికీ శిష్యుడు అనే లెక్క ఈ దేశంలో ఎవరిదో మనకు తెలుసు. ఆ లెక్క తప్పడానికి ఒక గుడ్డ చాలు.

అదే 1927లో రవీంద్రనాథ్ ఠాగూర్ జావా, బాలి ద్వీపాలకు వెళ్లారు. వెంట భాషావేత్త సునీతి కుమార్ చటర్జీ, చిత్రకారులు సురేంద్రనాథ్ కర్, ధీరేంద్రకృష్ణ దేవవర్మ ఉన్నారు. భారతదేశపు జాడలు వెతకాలనే ప్రయాణం అది. సెప్టెంబరులో బోరోబుదూర్ స్తూపాన్ని చూశారు. దాని గురించి మన పత్రికల్లో చాలాసార్లు చదివాం కనుక ఇక్కడ వదిలేస్తున్నాం. మాకు ముఖ్యమైనది వాళ్లు తిరిగి తెచ్చింది: బాతిక్. సురేంద్రనాథ్ కర్ ద్వారా అది శాంతినికేతన్‌లో నాటుకుంది. ఇప్పటికీ కోల్‌కతా దుకాణాల్లో శాంతినికేతన్ పనిగా అమ్ముడయ్యే బాతిక్ చీరల వెనుక జావా పాఠం ఉంది.

ఆ పాఠం తేలికైనది కాదు. చాంతింగ్ అనే చిన్న రాగి గిన్నెకు సన్నని ముక్కు ఉంటుంది. కరిగిన మైనం అందులో పోసి గుడ్డ మీద గీతలు గీస్తారు. నీలిలో ముంచితే మైనం ఉన్న చోట రంగు అంటదు. మైనం మరగబెట్టి తీసి, మళ్లీ వేరే చోట పూసి, సోగా అనే గోధుమరంగులో ముంచుతారు. మంచి గుడ్డకు నెలలు పడుతుంది. జావాలో ఈ గీతలు గీసింది ఎక్కువగా ఆడవాళ్లు.

మచ్చ లేని చరిత్ర కాదు అక్కడిదీ. సోలో, యోగ్యకర్త రాజులు పరాంగ్ వంటి నమూనాలను సామాన్యులు కట్టకూడదని నిషేధించారు. ఎవరు ఏ గుడ్డ కట్టాలో పైవాళ్లు నిర్ణయించడం మనకు కొత్త కాదు.

తెలుగు చేతులు కూడా ఈ కథలో ఉన్నాయి. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు మచిలీపట్నంలో దిగింది మన అద్దకం గుడ్డ కోసమే. దాన్ని ఇండోనేషియా దీవుల్లో ఇచ్చి మిరియాలు, లవంగాలు కొన్నారు. అక్కడివారి రుచికి తగిన నమూనాలనే మన కళాకారులు వేశారు. నీలి వేసేటప్పుడు మనవాళ్లూ మైనం పూసేవారు. సులవేసిలోని తోరజా ప్రజలు భారతదేశం నుంచి వచ్చిన గుడ్డలను తరతరాలు పవిత్రంగా దాచుకున్నారు. ఎవరు ముందు నేర్చారన్న తగవు మాకు అక్కరలేదు. రెండు వైపులా గురువులున్నారు, శిష్యులున్నారు.

బౌద్ధులకు ఇది వింత కాదు. 11వ శతాబ్దంలో బెంగాల్ భిక్ఖువు అతీశ దీపంకరుడు సముద్రం దాటి సువర్ణద్వీపం వెళ్లి ఆచార్య ధర్మకీర్తి దగ్గర పన్నెండేళ్లు చదువుకున్నాడు. తర్వాత విక్రమశిలలో ఆచార్యుడయ్యాడు, టిబెట్టుకు ధమ్మం తీసుకెళ్లాడు. ఆ సువర్ణద్వీప గురువు పేరు వినిపిస్తే చాలు, అతీశుడు చేతులు జోడించేవాడని, కళ్లు చెమర్చేవని టిబెట్టు బౌద్ధులు చెప్పుకుంటారు.