బారామహలున గుఱ్ఱమును ఆబోతును

కడత్తూరు పరిసరములందు స్థిరపడిన తెలుగు కుటుంబముల పూర్వచరిత్రను గూర్చి మాటలాడునపుడు మనము విజయనగర ప్రభువులను, పాళెగాండ్రను, కోటలను తలంచుచుందుము. పాపిరెడ్డిపట్టి వంటి ఊరిపేరును చూపి, మనవా రీ సీమకు వచ్చి చాలకాలమైన దని సంతోషింతుము. కాని వలస వచ్చిన వారి బండ్లను లాగి, బీళ్లను దున్ని, కపిల తోలి బావినీటిని చేలకెక్కించిన పశువులను తలంచువా రరుదు. రాజులు గుఱ్ఱములను పెంచిరి. రైతులు ఎడ్లను పెంచిరి. ఈ రెండు పెంపకముల చరిత్రను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, మనము నేడు పోగొట్టుకొనుచున్న దేమియో తెలియగలదు.

దక్షిణదేశమున గుఱ్ఱ మెప్పుడును దిగుమతి సరకే. 13వ శతాబ్ది చివర మన తూర్పుతీరమును చూచిన మార్కోపోలో, ఈ దేశమున మేలిజాతి గుఱ్ఱమును మేలిజాతి ఆడుగుఱ్ఱముతో కలిపినను వంకరకాళ్ల పిల్లయే పుట్టునని వ్రాసెను. విజయనగర ప్రభువులు అరేబియా, పారసీక దేశముల గుఱ్ఱములను పడమటి తీరపు రేవులలో కొనుచుండిరి. 16వ శతాబ్దమున విజయనగరమును గూర్చి వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనెనని తెలిపినాడు. ఏనుగులను, గుఱ్ఱములను తెచ్చు విదేశ వర్తకుల నాదరింపవలెనని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున బోధించుటకు కారణ మిదియే. మనుమంచి భట్టు హయలక్షణవిలాస మను అశ్వశాస్త్రమును తెనుగున రచించెను. శాస్త్రము మన భాషలో నున్నది. గుఱ్ఱము మాత్రము ఓడపై రావలసి యుండెను.

మైసూరు పీఠభూమికిని కర్ణాటక మైదానమునకును నడుమ నున్న బారామహలు 18వ శతాబ్దమున సైన్యములు నడచు త్రోవ యయ్యెను. హైదరాలీ, టిప్పుసుల్తాను ఆశ్వికదళము లీ కనుమల గుండనే దిగినవి. మైసూరు సీమలోని కుణిగలు అశ్వశాలకు టిప్పు కాలపు ఖ్యాతి కలదు. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో బారామహలు ఆంగ్లేయుల వశమైనది. అలెగ్జాండరు రీడును, ఆయన క్రింద థామస్ మన్రోయు ఇచ్చట భూమి శిస్తును నిర్ణయించుచు సంవత్సరములు గడపిరి. పిమ్మట 1824లో కుంపిణీవారు హోసూరు చెంత మత్తిగిరిలో సైన్యపు గుఱ్ఱములకై 1,641 ఎకరముల క్షేత్రమును నెలకొల్పిరి. సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్న ఆ చల్లని నేల అశ్వములకు అనువైనదని వారి తలంపు. ఆ గుఱ్ఱములు జీను మోయుటకే గాని కాడి మోయుటకు కావు. మూపురము కల ఎద్దు మెడపై కాడి సుఖముగా నిలుచును; గుఱ్ఱమునకు వేఱు పట్టెడ కావలెను. గుఱ్ఱమునకు దినదినము ఉలవలు పెట్టవలెను. ఆ ఉలవలు మన మెట్టరైతుకు తన యింటి చారునకును, తన ఎడ్లకును కావలసినవి. కనుక ఆ అశ్వక్షేత్రము మన పొలములకు ఒక నాగటినైన కట్టలేదు.

గుఱ్ఱముతో దున్నిన దేశములు లేకపోలేదు. స్కాట్లండు దేశమున క్లైడ్స్‌డేలు, ఇంగ్లండున షైరు, సఫోక్ అను భారవాహపు గుఱ్ఱములు నేల దున్ని, బండ్లు లాగినవి. మంచి విత్తనపు గుఱ్ఱమును ప్రతి రైతును పోషింపజాలడు. అందుచే వసంతకాలమున ఒకడు అట్టి గుఱ్ఱమును పట్టుకొని ఊరూర తిరుగును. రైతు రుసుము చెల్లించి తన ఆడుగుఱ్ఱమును దాటించుకొనును. స్కాట్లండు రైతులు కూడబలుకుకొని తమ మండలమునకు ఒక మేలి గుఱ్ఱమును ఆ ఋతువున కద్దెకు తెచ్చుకొనుటయు కలదు. 1877లో క్లైడ్స్‌డేలు సంఘమును, 1878లో షైరు గుఱ్ఱముల సంఘమును ఏర్పడి వంశావళులు వ్రాయసాగినవి. ఏ జాతియైనను మగజంతువు మంచిదైననే నిలుచునని వారెఱుగుదురు.

ఈ సత్యమును మన పూర్వు లంతకు చాల ముందే ఎఱిగి, రుసుము లేని యేర్పాటు చేసికొనిరి. ఇంటి పెద్ద మరణించినపుడు పదునొకండవ దినమున వృషోత్సర్గము చేసి, లక్షణములు కల కోడెకు అచ్చు వేసి వదలుట ఆచారము. ఆనాటినుండి అది యెవరి సొత్తును కాదు, ఊరందరిది. దానిని కాడికి కట్టరాదు. ఏ చేలో మేసినను కొట్టరాదు. ఊరి ఆవులు దానివలన చూలు కట్టును. ఒంగోలు సీమలో ఊరి పెద్దలు కూడి అట్టి కోడె నెన్నుకొనెడివారు. ఆ ఎన్నిక ఫలమే ఒంగోలు జాతి. అది 19వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి బ్రెజిలునకు పోయి, నెల్లూరు పేరుమీదుగా నెలోరె యని ప్రసిద్ధి కెక్కి, ఆ దేశపు పశుసంపదలో ప్రధానమైనది. మనలో నేడు 'అచ్చోసిన ఆబోతు' అనునది పనిలేక తిరుగువానిని నిందించు మాటగా మాత్రమే మిగిలినది. ఆ ఆబోతు ఊరికి చేసిన పని యేమో ఆ మాట నాడు మన పిల్లలకు తెలియదు.

బారామహలు రైతునకు ఇట్లు దక్కిన పశువు ఆలంబాడి జాతి. కావేరీతీరపు ఆలంబాడి గ్రామమునుండి దాని కా పేరు వచ్చినది. పెన్నాగరము కొండలు, అడవులు దాని పుట్టిల్లు. మైసూరు హళ్లికారు జాతికి చుట్టము; ముదురు బూడిదవన్నెనుండి నలుపువఱకు దేహచ్ఛాయ; వెనుకకు వాలిన పొడవాటి కొమ్ములు; గట్టి గిట్టలు. ఆవు పాలు తక్కువ. ఎద్దు పని ఎక్కువ. కొంచెపు మేతతో ఱాతినేల దున్నును. 1909లో గన్ దొరయు, 1936లో లిటిల్‌వుడ్ దొరయు దక్షిణదేశపు పశువులను గూర్చి వ్రాసిన గ్రంథములలో ఈ జాతిని వర్ణించిరి. అప్పటికి కాలము తిరిగి, హోసూరు అశ్వక్షేత్రము పశుక్షేత్రమై యుండెను. గుఱ్ఱములకై కట్టిన నేలపై ఆవులు మేయుట బారామహలు చరిత్రలో ఒక నీతిపాఠము.

పెంపకమును ప్రభుత్వముపై మాత్రమే వదలినచో నేమగునో తెలుపు కథ మఱియొకటి కలదు. మైసూరు ఒడెయరులు పోషించి, టిప్పు అమృతమహలని పేరిడిన ఎడ్ల మంద ఫిరంగుల నీడ్చుటకు ప్రసిద్ధము. 1799 పిదప అది ఆంగ్లేయులకు దక్కినది. 1860లో ఖర్చు తగ్గింపవలెనని వారు మందను అమ్మివైచిరి. త్వరలోనే తప్పు తెలిసికొని, 1866లో చెదరిన పశువులను వెదకి కొని, మందను మరల కూర్పవలసి వచ్చినది. ఒక్క సంవత్సరపు లెక్కలో మిగిలిన ధనము తరముల ఎన్నికకు వెల కాజాలదు.

మన కాలమున అమ్మకము చప్పుడు లేకయే జరుగుచున్నది. కపిల పోయి విద్యుత్తు పంపు వచ్చినది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. అడవిమేతకు కట్టుబాట్లు వచ్చినవి. పాలకై జెర్సీ, హోల్‌స్టీను సంకరములు ఇంటింట చేరినవి. ఇవి మేలు చేయలేదని మేమనము. ఎండలో కపిల తోలినవారి మనుమలకు ఆ మాట తగదు. కాని ఎద్దు అవసరము తీరగానే ఆబోతును పోషించువాడు కరువయ్యెను. ఆవు ఇంకను కొందఱి యిండ్ల నున్నది. ఎదకు వచ్చినపుడు దానికి తగిన స్వజాతి ఆబోతు చేరువ లేదు. జాతి అంతరించు విధ మిదియే. ఇంగ్లండున ట్రాక్టరు వచ్చిన పిదప సఫోక్ గుఱ్ఱములలో 1966వ సంవత్సరమున తొమ్మిది పిల్లలే నమోదైనవి. అయినను, పని లేకపోయినను పోషించెదమను కొందఱి పట్టుదలవలన ఆ జాతి నేటికిని బ్రతికి యున్నది.

మనకును ఆశ లేకపోలేదు. 2017 నాటి జల్లికట్టు ఉద్యమము దేశవాళి పశువులవైపు జనుల దృష్టిని మరల్చినది. ధర్మపురి మండలమున తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయమువారి ఆలంబాడి పరిశోధన కేంద్ర మేర్పడినది. కాని పరిశోధన కేంద్రమొక్కటియే ఊరూర ఆబోతును నిలుపజాలదు. పది కుటుంబములు కలిసి ఒక కోడెను పోషించుట మన యాచారమునకు క్రొత్త కాదు. 2019 నాటి ప్రజనన చట్టము ప్రకారము దానిని నమోదు చేయించి, వైద్యుల సలహాతో ఆవులున్నవారి కందఱకు, తెలుగు తమిళ భేదము లేక, అందుబాటున నుంచవచ్చును.

ఈ సీమలో మనము సంఖ్యకు కొద్దివారము. కొద్దిగా నున్నది ఎట్లు నిలుచునో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంట పిల్లలతో మాటలాడిననే తెలుగు నిలిచినది; మానిన యిండ్ల ఒక తరములోనే పోయినది. పశుజాతి ధర్మమును ఇంతియే. గంగడోలు, మూపురము, పలుపు, కాడి అను మాటలను మన పెద్ద లీ ఎడ్ల వెంటనే పలికిరి. ఆ ఎద్దు పోయిన యింట ఆ మాటలు నిఘంటువును చేరును. రాజుల గుఱ్ఱములు హోసూరు విడిచిపోయినపుడు మన ఊళ్లలో ఎవ్వరికిని లోటు కలుగలేదు. ఊరి ఆబోతు పోయినచో ఆ లోటును తీర్చుటకు ఏ ఓడయు రాదు.