చూపు తరిగిపోవు ద్రవ్యమా?

తెల్లని జుట్టు, పాలిపోయిన మేను గల పిల్లవాడు ఒకటవ తరగతిలో చేరినాడనుకొందము. పుస్తకమును ముక్కుకు ఆనించి చదువును. వెలుతురులో కనులు చికిలించును. ఇది ఆల్బినిజం, అనగా వర్ణరాహిత్యము. మెలానిన్ అను వర్ణద్రవ్యము కొరవడుటచే రెటీనా మధ్యభాగము సరిగా వికసింపదు. కనుగ్రుడ్లు సాధారణముగా అదురుచుండును. కళ్లద్దములు ఈ లోపమును పూర్తిగా తీర్చలేవు.

1908లో లండనులో ఆర్చిబాల్డ్ గారడ్ ఇది పుట్టుకతో వచ్చు జీవక్రియాదోషమని ఉపన్యసించెను. ఆ యేడే ఆ నగరమున తీవ్ర హ్రస్వదృష్టి గల బాలలకు ప్రత్యేక తరగతి వెలసినది. పుస్తకపఠనము తగ్గించి, నల్లబల్లపై పెద్ద అక్షరములు వ్రాయించిరి. 1913లో అమెరికాలోని బోస్టనులో మందదృష్టి గల పిల్లలకు ఇట్టి తరగతి ఆరంభమయ్యెను. ఇవి ‘దృష్టిరక్షణ తరగతులు’గా పేరొందినవి. పెద్ద అక్షరములు మేలే చేసినవి. కాని దీపములోని నూనెవలె, వాడినకొద్దీ చూపు తరుగునన్న భావము పొరపాటు. 1964లో అమెరికాలో నటాలీ బరాగా, కొద్దిపాటి చూపు మిగిలిన పిల్లలకు అభ్యాసమిచ్చినచో చూచు నేర్పు పెరుగునని నిరూపించెను.

కనుక పుస్తకమును దూరముగా పెట్టుమని ఆ పిల్లవానిని గద్దింపరాదు. కిటికీకి వీపు ఉండునట్లు ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. బల్లపై వ్రాసినది పైకి చదువవలెను. ఎండలో టోపీ పెట్టుకొననీయవలెను. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము బడిలో ఇట్టి సౌకర్యములు కల్పింపవలెనన్నది. వీనిలో పెక్కింటికి పైసా ఖర్చు లేదు. ఉపాధ్యాయుడు గమనించిన చాలును.