‘నెట్టు పోయింది’: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి రూటరు విశ్వసనీయత – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంటి రూటరు తరచూ మొరాయించడాన్ని సాధారణంగా ఆ పెట్టె నాసిరకమని సరిపెట్టుకోవడం జరుగుతోంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేపథ్యంలో 2005 నుండి నేటివరకు సాగిన గృహ ఇంటర్నెట్ చరిత్రను పరిశీలిస్తే, లోపం ఒకేచోట నిలిచి లేదని, సాంకేతికత మారిన ప్రతిసారీ అది స్థానం మార్చుకొన్నదని తెలుస్తుంది. రాగితీగ నుండి పాస్‌వర్డుకు, అక్కడినుండి విద్యుత్ స్తంభానికి, చివరకు ఇంటి గోడల మధ్యకు అది చేరింది. లోపం స్థానం మారినా దానిని చెప్పే మాట, చేసే చికిత్స మారలేదు. ఆ వైరుధ్యాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రూటరు, మోడెం, రాగితీగ, ఫైబర్, తిత్లీ తుపాను, విశ్వసనీయత, ఉత్తరాంధ్ర.

1. ఉపోద్ఘాతం:

‘కరెంటు పోనాది’ అన్నట్లే ‘నెట్టు పోనాది’ అనడం ఉత్తరాంధ్ర వాడుక. ‘వైఫై పోయింది’ అన్నా అదే అర్థం. రూటరు, దానికి వచ్చే తీగ, దానినుండి వెలువడే రేడియో తరంగం, దూరాన ఉన్న సర్వరు – ఈ నాలుగింటిలో ఏది పనిచేయకపోయినా జనవ్యవహారంలో క్రియ ఒక్కటే: పోయింది. ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు ఆ వాక్యంలో చోటు లేదు. సేవాకేంద్రానికి ఫోన్ చేస్తే వచ్చే సమాధానం కూడా ఒక్కటే: ‘ఒకసారి ఆపి మళ్ళీ వేయండి.’

2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత ఈ వాక్యానికి బరువు పెరిగింది. పాఠం, పరీక్ష, దరఖాస్తు, మౌఖిక పరీక్ష అన్నీ ఇంటి రూటరు మీదుగా నడవవలసి వచ్చింది. ఈ వ్యాసకర్త పాల్గొన్న ఒక ఆన్‌లైన్ మౌఖిక పరీక్షలో పరిశోధకురాలు ప్రశ్నకు సమాధానం చెబుతుండగా సంబంధం మూడుసార్లు తెగింది. నాలుగోసారి తిరిగి వచ్చినప్పుడు ఆమె మొదట అన్న మాట ‘క్షమించండి’. తనది కాని లోపానికి ఆమె ఎందుకు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చిందన్న ఆలోచనే ఈ పరిశీలనకు ప్రేరణ. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. అయితే ఈ వ్యాసంలో పాత ఉమ్మడి జిల్లాల పరిధినే స్వీకరించడమైంది.

2. రాగితీగ కాలం:

దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న ప్రారంభమైంది. అప్పుడు టెలిఫోన్ లైను ద్వారా డయల్ చేసి, పని పూర్తయ్యాక విడిచిపెట్టేవారు. సంబంధం తాత్కాలికం కనుక విశ్వసనీయత అనే భావన ఇంట్లోకి రాలేదు. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగంతో ‘ఎల్లప్పుడూ ఉండే’ సంబంధాన్ని నిర్వచించింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ ‘డేటావన్’ పేరుతో ఆ సేవను ఆరంభించింది. ఎల్లప్పుడూ ఉంటుందని చెప్పిన నాటినుండే ‘పోయింది’ అనే ఫిర్యాదుకు అర్థం ఏర్పడింది.

ఆ సేవ ఏడీఎస్‌ఎల్ పద్ధతిపై నడిచింది. మాట కోసం వేసిన రాగితీగల జంటపైనే, మాటకు అందని పై పౌనఃపున్యాల్లో సమాచారాన్ని పంపడం దీని కీలకం. పై పౌనఃపున్యాలు రాగిలో త్వరగా క్షీణిస్తాయి. అందువల్ల ఎక్స్ఛేంజికి దగ్గరి ఇంటికీ, నాలుగైదు కిలోమీటర్ల దూరాన ఉన్న ఇంటికీ అందే సేవ ఒకటి కాదు. ఊరికి దూరంగా కొబ్బరితోటల మధ్య ఇళ్ళు విస్తరించిన ఉద్దానం వంటి ప్రాంతానికి ఈ పద్ధతి స్వభావరీత్యానే అనుకూలం కాదు. దీనికితోడు కేబుల్ అతుకుల్లో చేరే వాననీరు, సముద్రపు గాలికి చిలుము పట్టే కొసలు, రోడ్డు తవ్వకాల్లో తెగే తీగలు ఉన్నాయి. ఫోన్ మోగగానే నెట్టు తెగిపోతే, తప్పు చాలాసార్లు మోడెంది కాదు. మాటను, సమాచారాన్ని వేరుచేసే స్ప్లిట్టర్ అనే చిన్న డబ్బీది.

ఈ కాలానికి ఒక సుగుణం ఉంది. టెలిఫోన్‌కు కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి అదే రాగితీగలో వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ పలికేది. మోడెం మాత్రం ఇంటి కరెంటుపై ఆధారపడింది. ఆ విధంగా విశ్వసనీయత భారంలో ఒక భాగం ఎక్స్ఛేంజి నుండి ఇంటికి తొలిసారి బదిలీ అయింది.

3. మార్చని పాస్‌వర్డు:

మోడెం కేవలం తీగ చివరి పరికరం కాదు; అది ఒక చిన్న కంప్యూటరు. దానికి ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, నిర్వహణ వ్యవస్థ, ప్రవేశపదం ఉన్నాయి. కర్మాగారం నుండి వచ్చేటప్పుడు పేరు, పాస్‌వర్డు రెండూ తరచుగా ‘అడ్మిన్’ అనే ఒకే మాటగా ఉండేవి. దానిని మార్చాలని సాధారణ గృహస్థుడికి చెప్పినవారు అరుదు.

ఈ నిర్లక్ష్యం ఫలితం 2016లో ప్రపంచానికి తెలిసింది. మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ఇటువంటి పాస్‌వర్డులతోనే లక్షలాది కెమెరాలను, రూటర్లను వశపరచుకొంది. ఆ ఏడాది నవంబరులో దాని మరో రూపాంతరం జర్మనీలో దాదాపు 9 లక్షల ఇళ్ళ రూటర్లను స్తంభింపజేసింది. 2017 జులై చివర మన దేశంలో బీఎస్‌ఎన్‌ఎల్ మోడెములపై దాడి జరిగింది. అప్పటి వార్తల ప్రకారం సుమారు 60,000 మోడెములు పనిచేయడం మానివేశాయి. పాస్‌వర్డు మార్చుకొమ్మని సంస్థ వినియోగదారులకు సూచించింది. అప్పుడు తీగ బాగానే ఉంది, కరెంటు ఉంది. పోయింది పెట్టె లోపలి అమరిక. ఇటువంటి స్థితిలో ఆపి వేయడం చాలదు. అమరికను తొలిస్థితికి తెచ్చి మళ్ళీ రాయాలి. రాగితీగ కాలంలో లైన్‌మన్ స్తంభమెక్కి సరిచేసేవాడు. ఇప్పుడు సరిచేయవలసిన చోటు తెరపై కనిపించే ఆంగ్ల పట్టిక. లోపం స్థానంతోపాటు దాని భాష కూడా మారింది.

4. స్తంభంపై కాంతితీగ:

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్, టీవీ ప్రసారాలు, ఫోన్ కలిపి ఇవ్వడం తొలి పథకం. రాష్ట్రవ్యాప్తంగా దాదాపు 24,000 కిలోమీటర్ల ఫైబర్‌ను భూమిలో పాతకుండా, ఉన్న విద్యుత్ స్తంభాలపైనే లాగడం వల్ల ఈ ధర సాధ్యమైంది. తవ్వకం ఖర్చు లేదు, సమయం కలిసివచ్చింది. పల్లెకు ఫైబర్ చేరడానికి ఆ నిర్ణయమే కారణమని అంగీకరించాలి.

అయితే స్తంభం ఒక్కటే అయినప్పుడు దాని పతనం కూడా ఉమ్మడిదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడితోటలతోపాటు వేలాది విద్యుత్ స్తంభాలు కూలాయి. ఫైబర్ రాగి కాదు, తుప్పు పట్టదు, పిడుగుపాటు విద్యుత్తును మోయదు; కాని కూలిన స్తంభంతోపాటు నేలకొరుగుతుంది. విద్యుత్తు, నెట్టు ఒకే క్షణంలో పోయినప్పుడు సహాయం కోరడానికి ఇంటిలో మరో తీగ లేదు. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన గులాబ్ తుపాను ఈ బలహీనతను మళ్ళీ గుర్తుచేసింది. 2014 నాటి హుద్‌హుద్ తర్వాత ప్రపంచబ్యాంకు సాయంతో విశాఖనగరంలో విద్యుత్ తీగలను భూగర్భానికి మార్చే పని చేపట్టారు. నగరం పొందిన ఆ పాఠం పల్లె స్తంభాల వరకు రాలేదు.

ఫైబర్ యుగం ఇంటికి ఒక కొత్త సంకేతాన్నిచ్చింది: ‘ఎర్రలైటు’. కాంతి అందనప్పుడు పెట్టెపై ఆ దీపం వెలుగుతుంది. లోపం ఇంటి బయట ఉందని ఆ పెట్టె తానే చెప్పే సాక్ష్యమది. ఇప్పుడు చాలామంది ‘ఎర్రలైటు వస్తోంది’ అని ఫిర్యాదు చేయడం నేర్చారు. ‘పోయింది’ అన్న మాట ఇక్కడ తొలిసారి స్పష్టతను పొందింది.

5. గోడల మధ్య:

ఇన్ని చెప్పినా పెట్టె పూర్తిగా నిర్దోషి కాదు. అందులోనూ దాని అడాప్టరులోనూ ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఇంజినీర్ల స్థూల సూత్రం. గాలి ఆడని టీవీ షోకేసులో, గుడ్డ కప్పి ఉంచిన పెట్టె వేసవిలో తరచూ ఆగిపోవడానికి ఇదొక కారణం. ఇంట్లోని పరికరాలు సాగించే ప్రతి సంబంధాన్ని రూటరు ఒక పట్టికలో నమోదు చేసుకొంటుంది. ఆ పట్టిక నిండినా, జ్ఞాపకశక్తి క్రమంగా హరించినా అది మందగిస్తుంది. ఆపి వేస్తే జ్ఞాపకశక్తి ఖాళీ అవుతుంది కనుక ఈ ఒక్క సందర్భంలో ఆ చికిత్స సఫలం. ఒకచోట ఫలించిన చికిత్సే అన్ని రోగాలకూ మందుగా స్థిరపడింది.

వైఫై లోపం వేరు. 2005లో భారత ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించింది. ఆ పట్టీలో ఒకదానిపై ఒకటి పడని చానెళ్ళు మూడే. విజయనగరం వీధుల్లో గోడకు గోడ ఆనుకొన్న ఇళ్ళలో పది రూటర్లు ఆ మూడింటినే పంచుకోవాలి. అప్పుడు తీగ, పెట్టె రెండూ బాగున్నా పడకగదిలో నెట్టు ‘పోతుంది’.

6. గడప దాటని కొలమానం:

భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనలను విధించింది. 90 శాతానికి పైగా ఫిర్యాదులను మరుసటి పనిదినానికి, 99 శాతాన్ని 3 పనిదినాల్లో పరిష్కరించాలి. సేవ లభ్యత 98 శాతానికి పైబడాలి. గడువు దాటితే అద్దెలో రాయితీ ఇవ్వాలి. 98 శాతం గొప్ప అంకెగా కనిపిస్తుంది. 30 రోజుల నెలలో మిగిలిన 2 శాతమంటే 14 గంటల 24 నిమిషాలు. అది పరీక్ష రోజునే రావచ్చు.

అంతకన్నా ముఖ్యమైనది కొలిచే చోటు. సమాచార జాప్యాన్ని, నష్టాన్ని సేవాసంస్థ కేంద్రం నుండి అంతర్జాతీయ ద్వారం వరకు కొలిచేవారు. ఆ కేంద్రం నుండి ఇంటివరకు ఉన్న తీగ, స్తంభం, పెట్టె, గోడ ఆ కొలతకు వెలుపలివి. ఉద్దానపు ఇంటికి లోపమంతా ఉన్నది అక్కడే. 2024లో కొత్త నిబంధనలు ఆ పాతవాటి స్థానంలో వచ్చాయి. అయినా అంతకు ముందటి 18 సంవత్సరాల అధికారిక అంకెలను చరిత్రకారుడు ఆధారంగా స్వీకరించేటప్పుడు, అవి గడప బయటి చరిత్ర మాత్రమేనని గుర్తించాలి.

7. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ఇంటి రూటరు విశ్వసనీయత పరికరానికి మాత్రమే చెందిన గుణం కాదు. తీగ, స్తంభం, విద్యుత్తు, వాతావరణం, నియమావళి కలిసి ఏర్పరచే స్థితి అది.

• లోపం రాగితీగ నుండి పాస్‌వర్డుకు, స్తంభానికి, గోడల మధ్యకు స్థానం మార్చుకొంది. ప్రతి మార్పులోనూ బాధ్యతలో కొంత భాగం సంస్థ నుండి గృహస్థుడికి చేరింది.

• తక్కువ ఖర్చుతో పల్లెకు ఫైబర్‌ను చేర్చిన పద్ధతే తుపాను తీరంలో దానిని బలహీనపరచింది. ఈ రెండింటినీ కలిపి చూడకుండా ఆ పథకాన్ని అంచనా వేయలేం.

• లోపాన్ని చెప్పే భాష స్పష్టమైతే బాధ్యత కూడా స్పష్టమవుతుంది. ‘నెట్టు పోయింది’ అన్నవారికి ‘ఆపి వేయండి’ అన్న సమాధానం చాలు. ‘రాత్రి 9 గంటల నుండి ఎర్రలైటు, కరెంటు ఉంది’ అన్నవారికి అది చాలదు.

కళాశాలలు, పరిశోధకులు తమ ఇళ్ళలో సంబంధం తెగిన తేదీ, సమయం, దీపాల స్థితి, తిరిగి వచ్చిన వేళ నమోదు చేసి ఉంచితే, గడప లోపలి చరిత్రకు తొలి ఆధారాలు సమకూరుతాయి. ఆ నమోదు ఉన్ననాడు, మౌఖిక పరీక్ష మధ్యలో సంబంధం తెగిన పరిశోధకురాలు క్షమాపణకు బదులు వివరణ ఇవ్వగలుగుతుంది.