ఏ లారీయో తేలాలంటే ముందు ఏ మజిలీయో తేలాలి

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో బర్మా వెళ్లొచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో తరచూ వినపడే మాట ఒకటుంది: “మా తాత యుద్ధం రోజుల్లో మిలటరీ లారీలో బర్మా నుంచి వచ్చేశాడు.” ఆ లారీ ఏదో తెలుసుకోవాలని మనవలకు అనిపించడం సహజమే. పాత ఫొటో ఒకటి చేతికి దొరికితే చాలు, అది ఫోర్డా, షెవర్లేనా, డాడ్జా అని వెతుకులాట మొదలవుతుంది. ఆ వెతుకులాట తలకిందులుగా సాగుతోందనే నా అభిప్రాయం. తాత ఆ లారీ ఎక్కడ ఎక్కాడు, ఎక్కడ దిగాడు అన్నది ముందు తేలాలి. ఎందుకంటే 1942లో బర్మాలో ఎక్కిన లారీలోనే ఇండియా దాకా రావడం దాదాపు ఎవరికీ సాధ్యపడలేదు.

1931 జనగణన నాటికి బర్మాలో 10 లక్షలకు పైగా భారతీయులున్నారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా మనవాళ్లే. రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది చాలావరకు తెలుగువాళ్లు. 1941 డిసెంబర్ 23న రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాయి, 1942 మార్చి 8న నగరం వాళ్ల చేతికి చిక్కింది. ఓడ దొరకని లక్షల మంది కాలినడకన బయల్దేరారు. కొందరు ప్రోమ్ మీదుగా అరకాన్ తీరానికి చేరుకున్నారు. చాలామంది మాండలే, కలేవా, తము, పలేల్ మీదుగా ఇంఫాల్ దారి పట్టారు. ఈ రెండో దారికి అడ్డంగా చింద్విన్ నది ఉంది, దాని మీద వంతెన లేదు. వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సైన్యానికే ఆ నది దాటడం గండమైంది. మే 10న ష్వేజిన్ రేవు దగ్గర జపాన్ సేనలు మీదపడడంతో ట్యాంకులనూ అత్యధిక భాగం లారీలనూ ధ్వంసం చేసి వదిలేసి, సైనికులు నడిచి వచ్చారు. వెనక్కి తగ్గిన ఆ సైన్యం, అంటే బర్మా కోర్, ఇండియా చేరేసరికి దాని దగ్గర మిగిలినవి సుమారు 50 లారీలు, 30 జీపులు. సైన్యమే తన లారీలను నది దాటించలేకపోయినప్పుడు కాందిశీకుడు అందులో కూర్చుని సరిహద్దు దాటాడనుకోవడం కష్టం. తము నుంచి పలేల్ దాకా కొండల మీద ఎక్కువ మంది నడిచారు. అక్కడి నుంచి ఇంఫాల్‌కూ, ఇంఫాల్ నుంచి సుమారు 210 కిలోమీటర్ల దూరంలోని దిమాపూర్ రైల్వే స్టేషన్‌కూ ఇండియా వైపు లారీలు తిరిగాయి. అందుకే తాత చెప్పిన లారీ చింద్విన్‌కు అవతల ఎక్కినదైనా కావాలి, పలేల్ దాటాక ఎక్కినదైనా కావాలి. ఈ రెండూ వేర్వేరు బళ్లు.

ఇక ఫొటో సంగతి. బండి వెనక భాగాన్ని నమ్ముకుంటే దారి తప్పుతాం. కెనడాలోని ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు కామన్వెల్త్ సైన్యాల కోసం ఒకే నమూనాలో 4 లక్షలకు పైగా బళ్లు చేశాయి. వాటిలో చాలావాటిని ఇండియాలో బిగించి, వెనక చెక్క బాడీలు ఇక్కడే కట్టారు. కాబట్టి చూడాల్సింది ముందు భాగం. బానెట్ బాగా పొట్టిగా, ముక్కు చదునుగా ఉండి, డ్రైవర్ ఇంజన్ పక్కనే ఇరుక్కుని కూర్చున్నట్టుంటే అది కెనడా బండి కావచ్చు. స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. వెనక ఇరుసుకు ఒక్కో పక్క ఒక్కటే పెద్ద టైరు. అద్దం పైఅంచు ముందుకు వాలి, కిందిఅంచు లోపలికి జరిగి ఉంటే అది 13వ నంబరు క్యాబిన్. విమానాలకు అద్దం తళుకు కనపడకుండా అలా వాల్చారు. ఆ క్యాబిన్ తయారీ మొదలైందే 1941 చివర్లో. కెనడా నుంచి ఓడలో వచ్చి 1942 ఏప్రిల్ నాటికి బర్మా రోడ్డెక్కిందంటే నమ్మడం కష్టం. బంపర్ మీది గుర్తులు మరీ ముఖ్యం. 17వ భారత డివిజన్ నల్లపిల్లి గుర్తు పెట్టుకున్నది ఆ తిరోగమనం తర్వాతే. అది కనపడితే ఫొటో తాత పారిపోయి వచ్చిన నాటిది కాదు, సైన్యం మళ్లీ బర్మా వైపు కదిలిన నాటిది. అలాంటప్పుడు తాత సైన్యంలో పనిచేశాడేమో అన్న కొత్త ప్రశ్న పుడుతుంది.

ఇలా బండిని బట్టి తేదీ తేల్చడానికొక గట్టి అభ్యంతరం ఉంది. వెనక జంట టైర్లతో పది చక్రాలున్న అమెరికన్ లారీ కనపడితే చాలామంది అస్సాం నుంచి బర్మా మీదుగా చైనాకు వేసిన లెడో రోడ్డును తలచుకుని 1945 అని తేల్చేస్తారు. ఆ దారిలో తొలి కాన్వాయ్ లెడో నుంచి బయల్దేరింది ఆ ఏడాది జనవరి 12న, కున్మింగ్ చేరింది ఫిబ్రవరి 4న. అయితే అమెరికన్ బళ్లు బర్మాలోకి అంతకుముందే వచ్చాయి. చైనాకు పంపడానికి వచ్చిన సరుకు రంగూన్ రేవులో పేరుకుపోయి ఉండగా నగరం ఖాళీ అయింది. అప్పుడు తగలబెట్టిన వాటిలో సగం సగం బిగించిన లారీలే 972 ఉన్నాయి. కాబట్టి అమెరికన్ బండి అన్నంత మాత్రాన 1942 కాదనలేం. నిజమే. కానీ ఈ అభ్యంతరం నా మాటనే బలపరుస్తోంది. బండి ఒక్కటే తేదీ చెప్పలేదు. బండీ, గుర్తూ, రోడ్డూ, తాత చెప్పిన ఊరి పేరూ కలిస్తేనే తేదీ తేలుతుంది.

ఇంత శోధన ఎందుకు, తాత బతికి వచ్చాడు, అది చాలదా అనేవాళ్లూ ఉంటారు. కానీ లారీలో చోటు దొరకడమే ఆనాడు పెద్ద రాజకీయం. తెల్లవాళ్లకొక దారి, నల్లవాళ్లకొక దారి పెట్టారన్న ఆరోపణ దేశమంతా పాకింది. 1942లో అలహాబాద్‌లో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) బర్మా కాందిశీకుల పట్ల చూపిన వివక్షను ఖండించింది. దారిలో ఆకలితో, కలరా, మలేరియాలతో వేలాది మంది చనిపోయారు. అలాంటప్పుడు ఎవరు నడిచారు, ఎవరికి చోటిచ్చారు, ఎంత దూరం ఇచ్చారు అన్నది చరిత్రకు కావలసిన ప్రశ్నే. “లారీలో వచ్చాం” అన్న ఒక్క మాటలో ఆ నడక అంతా మరుగున పడిపోతుంది. జ్ఞాపకం అబద్ధం చెప్పదు గానీ చివరి మజిలీని పట్టుకుని మిగతా దారిని కుదించేస్తుంది. యంత్రం సాక్ష్యం ఆ కుదింపును విప్పడానికి పనికొస్తుంది, జ్ఞాపకాన్ని కొట్టిపారేయడానికి కాదు.

బర్మా కుటుంబాల వారికి ఒక్క మనవి. ఇంట్లో అలాంటి ఫొటో ఉంటే అంచులు కత్తిరించకుండా, మెరుగులు దిద్దకుండా స్కాన్ చేయించండి. బంపర్, చక్రాలు, నంబరు పూర్తిగా పడాలి. ఫొటో వెనక రాత ఉంటే దాన్నీ తీయించండి. పెద్దవాళ్లు మిగిలి ఉంటే లారీ పేరు అడగకండి. ఏ ఊళ్లో ఎక్కారు, ఏ నది దగ్గర దిగారు, ఎన్ని రోజులు నడిచారు అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసిపెట్టండి.