రూప్యపరీక్ష

సంస్కృతమున రూప్యశబ్దమునకు వెండి యనియు, వెండినాణె మనియు నర్థములు ప్రసిద్ధములు. ఈ శబ్దమును సాధించుచుఁ బాణిని యైదవ యధ్యాయమున రూపశబ్దముమీఁద యప్ప్రత్యయమును రెండర్థములందు విధించెను. ఒకటి యాహతము, అనఁగాఁ గొట్టుటచేత నేర్పడిన రూపము. రెండవది ప్రశంస, అనఁగా మెచ్చఁదగిన రూపము. కాశికావృత్తి మొదటిదానికి దీనారమును గార్షాపణమును, రెండవదానికి రూపవంతుఁడగు పురుషుని నుదాహరించినది. వైయాకరణులు వేఱుపఱచిన యీ రెండర్థములను నాణెములు సేకరించువారు పలువురు నేఁడు కలిపివేయుచున్నారు. ముద్ర యెట్లు పడినదని యడుగక, కంటికింపుగా నున్నదా యని మాత్రమే యడుగుదురు. దీనివలని నష్టము చిన్నది కాదు. ఇంపైన నాణెము పేటికలోనికిఁ బోవును; వికారమైనది కంసాలి మూసలోనికిఁ బోవును. కరఁగిన పిమ్మట నది యెంత వెండియో చెప్పవచ్చును గాని, యే రాజుదో చెప్పుటకు వీలులేదు.

పూర్వులకు నాణెముఁ జూచుట యొక విద్య. కార్షాపణమును బరీక్షించువానిని మహాభాష్యమునఁ బతంజలి రూపతర్కుఁ డనెను. కౌటిల్యుఁడు రూపదర్శకుఁ డనెను. ఏది కోశమునఁ జేరఁదగునో, యేది వ్యవహారమునఁ జెల్లఁదగునో నిర్ణయించుట యాతని పని. చెల్లరానిదానిఁ జెల్లునన్నను, జెల్లఁదగినదానిఁ జెల్లదన్నను దండము పండ్రెండు పణములే. మంచి నాణెమును ద్రోసివేయుట దొంగనాణెమును స్వీకరించుటకంటెఁ జిన్నతప్పని యర్థశాస్త్రకారుఁ డెంచలేదు. వినయపిటకమున నుపాలి తలిదండ్రులు, కుమారుఁడు లేఖనము నేర్చిన వ్రేళ్లు నొచ్చు ననియు, గణనము నేర్చిన ఱొమ్ము నొచ్చు ననియు, రూపము నేర్చినఁ గన్నులు నొచ్చు ననియు వెఱచిరి. రూపము నేర్చుట యనఁగా ననేక కార్షాపణములను ద్రిప్పి త్రిప్పి చూచుటయే యని వ్యాఖ్యాత వివరించెను.

క్రీ. శ. 5వ శతాబ్దివాఁడగు బుద్ధఘోషుఁడు విసుద్ధిమగ్గమున సంజ్ఞా విజ్ఞాన ప్రజ్ఞల భేదమును దెలుపుటకై యీ పరీక్షనే దృష్టాంతముగాఁ గైకొనెను. షరాబు పలకమీఁద నాణెములు కుప్పగా నున్నవి. బాలుఁడు వానిని జూచి చిత్రములు గలవి, గుండ్రనివి, చదరములు అని మాత్ర మెఱుఁగును. గ్రామీణుఁ డంతేకాక యవి లోకమునకు భోగసాధనము లనియు నెఱుఁగును. షరాబు వన్నియు నెఱిఁగి, చూచియు, మ్రోయించి వినియు, వాసనఁ జూచియు, రుచిచూచియు, చేతఁ దూఁచియు నిది మంచిది, యిది కూటము, ఇది సగమువెలది యని చెప్పును. ఏ యూర, నే యేటిగట్టున, నే యాచార్యుఁడు చేసినదియుఁ జెప్పును. కంటికింపును మాత్రమే చూచువాఁడు, ధన మెంత వెచ్చించినను, ఈ మువ్వురిలో మొదటివాఁడే.

కార్షాపణము తూనిక ముప్పదిరెండు గురువింద లని స్మృతుల లెక్క. వెండిరేకును ముక్కలుగాఁ గోసి, తూనిక సరిపోవుటకు మూలలు కత్తిరించి, యొక్కొక్క చిహ్నమును వేఱువేఱు ముద్రతోఁ గొట్టెడివారు. కావునఁ దునిఁగిన మూల నాణెమునకు లోపము కాదు. అది టంకసాలవాని లెక్క. చిహ్నము సగము వెలికిఁ బోయినను నది యఱుగుదల కాదు. అఱుగుదల యైనచో నెత్తైన భాగములు ముందుగా నునుపెక్కి పల్లములు నిలుచును. కొట్టుబడి లోపమైనచో నెత్తు పల్లము లొక్కరీతి నస్పష్టములై, ప్రక్కనున్న చిహ్నము మాత్రము వాడిగా నుండును. ఈ భేద మెఱుఁగనివాఁడు క్రొత్తదానిఁ బాతదనియు, బాతదానిఁ గ్రొత్తదనియుఁ జెప్పును.

అఱుగుదలయు సాక్ష్యమే. తక్షశిలలోని భీర్ దిబ్బయందు 1912లోను, 1924లోను రెండు నిక్షేపములు దొరకినవి. గణితశాస్త్రజ్ఞుఁడగు దామోదర ధర్మానంద కోశాంబి వాని తూనికలను లెక్కవేసి, పాతదగు నిక్షేపమున వెనుకవైపు చిన్నగుర్తులు పెరిగినకొలఁది సగటు తూనిక తగ్గుచున్నదని చూపెను. ఆ గుర్తులు షరాబులు కాలక్రమమునఁ బరీక్షించి వేసినవని యాతని మతము. కొనువాఁడు తఱుగని నెట్టివేయు నఱుగుదల యిచ్చట సంవత్సరములను గొలుచు కొలబద్ద యైనది.

వెండికి గాలిలోని గంధకము సోఁకి నలుపెక్కును. ఉప్పుగల నేలలోఁ గప్పఁబడినచో బూడిదవన్నె పొర పట్టును. రాగి కలసినచోఁ బచ్చని చిలుము లేచును. సమముగాఁ బట్టిన నలుపు చిహ్నముల గీఁతలను స్ఫుటముగాఁ జూపుచుఁ జూపఱ కింపు గూర్చును. చింతపండుతోడను, బూడిదతోడను, ద్రావకముతోడను దోమినవాఁడు నలుపునే కాక పైవెండినిఁ గూడఁ గొనిపోవును. గీఁతల యంచులు గుండ్రనగును, దూనిక తగ్గును. కోశాంబివంటివానికి నా నాణెము మఱి పనికిరాదు. తళుకు మాత్రము మిగులును. అది చూచి వెల హెచ్చించు వర్తకులును లేకపోలేదు.

1949లో షెల్డన్ అను నమెరికా దేశీయుఁడు తన దేశపు పాత రాగిసెంట్లకు ఒకటి మొదలు డెబ్బదివఱకు నంకెలతో దరగతు లేర్పఱచెను. తరువాత నది యితర నాణెములకును వ్యాపించినది. ఒకే యచ్చున యంత్రము కొట్టినవానికి నా లెక్క తగును. సుత్తెపోటునఁ బుట్టినవానికి, ఒకదానిమీఁద నొకటి కొట్టినవానికిఁ దగదు.

ఇందుకు నాసిక మండలములోని జోగల్‌తంబి నిక్షేపమే తార్కాణము. 1906లో నచ్చటఁ బదుమూఁడువేలకుఁ బైఁబడిన వెండినాణెములు బయల్పడినవి. అన్నియు క్షహరాతుఁడగు నహపానునివి; ఒకవైపు రాజముఖము, రెండవవైపు బాణమును వజ్రాయుధమును. వానిలో మూఁడింట రెండు పాళ్లకు మించినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు మరలఁ గొట్టించెను: చైత్యమును, దనపేరును ఒకవైపు, ఉజ్జయినీచిహ్నము రెండవవైపు. అందము చూడఁబోయిన నివి వికృతములు. నహపానుని ముక్కుమీఁద చైత్యము, గ్రీకులిపిపైన బ్రాహ్మీలిపి. ముద్ర తాఁకని నహపానుని నాణెమే కంటికిఁ జక్కగా నుండును. కాని బలశ్రీ నాసికశాసనమునఁ దన కుమారుఁడు క్షహరాతవంశమును నిర్మూలించెనని చెప్పిన మాటకు లోహమయమగు సాక్ష్య మీ వికృతరూపములే. అందును క్రిందిముద్ర పూర్తిగా నణఁగిపోక, రాజులిద్దఱును గానవచ్చునదియే యుత్తమము. శాతకర్ణి పనివాఁడు మఱింత నేర్పుతో గొట్టి పాతరూపమును దుడిచివేసి యుండినచో, నది యెవరి వెండియో తెలిసెడిది కాదు.

శాతవాహనులు స్వయముగా వేయించిన రాజముఖముల వెండినాణెములందును నిట్టిదే కలదు. ఒకవైపుఁ బ్రాకృతపంక్తి, రెండవవైపు శ్రీకి మాఱుగాఁ దిరు అనియు, శాతకర్ణికి మాఱుగా హాతకణి యనియుఁ గల ద్రావిడచ్ఛాయ గల పంక్తి. ఆ భాష తొలితమిళ మని కొందఱు, వేఱొక దేశ్య మని కొందఱు వాదింతురు. బిళ్ల చిన్నది, అచ్చు పెద్దది. పంక్తి యంతయు నొక నాణెమునఁ బడుట యరుదు. ఒకదానఁ దొలి నాలుగక్షరములు, వేఱొకదాన నడిమివి, అంచు విఱిగిన మూఁడవదానఁ దుదివి. ఇట్లు లోపముగల నాణెములను బెక్కింటిని జేర్చియే పండితులు దానిఁ జదివిరి.