యుద్ధ చలనచిత్రములు: పరాజిత పక్ష సైనికుఁడు

యుద్ధ చిత్రములందు విజేతల శౌర్యమునకే ప్రాధాన్యము మెండు. ఓడిన పక్షమునఁ బోరాడిన సామాన్య సైనికుని మనుష్యునిగాఁ జూపినవి కొలఁది. వానిలో అగ్రగణ్యము, జర్మన్ రచయిత ఎరిక్ మరియా రిమార్క్ నవల ననుసరించి లూయిస్ మైల్‌స్టోన్ దర్శకత్వమున 1930లో వెలువడిన అమెరికన్ చిత్రము ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’. ఉపాధ్యాయుని దేశభక్త్యుపన్యాసములకు ఉప్పొంగి, మొదటి ప్రపంచయుద్ధమున బడి విడిచి జర్మన్ సేనలోఁ జేరిన పాల్ బామర్, ఫిరంగిగుండు త్రవ్విన గోతిలో తాను పొడిచిన ఫ్రెంచి సైనికుని ప్రక్కనే చిక్కువడి, వానికి నీరందించుచు, వాఁడు మరణించిన పిదప క్షమింపుమని ప్రాధేయపడు ఘట్టము ఈ చిత్రమునకుఁ బ్రాణము. మృతుఁడైన మిత్రుని మేలిజోళ్లు ఒకరినుండి యొకరికి మాఱుచుండఁగాఁ దొడిగినవారెల్ల నేలఁగూలు దృశ్యపరంపరకు మాటలతోఁ బనియే లేదు. ఉత్తమచిత్రముగా ఆస్కార్ బహుమానమందిన దీనిని, బెర్లిన్ ప్రదర్శనశాలలో నాజీలు తెల్లయెలుకలను వదలి అల్లరిచేయఁగా, 1930 డిసెంబరులోనే జర్మనీ నిషేధించెను.

బెర్న్‌హార్డ్ వికీ 1959లోఁ దీసిన జర్మన్ చిత్రము ‘డీ బ్రూకె’ (‘వంతెన’) యందు, రెండవ ప్రపంచయుద్ధపు తుదినాళ్లలో, 1945లో, కూల్చివేయఁ దలఁచిన వంతెనకే కావలియుంచఁబడిన ఏడుగురు బడిపిల్లలలోఁ దుదకు మిగులువాఁడొక్కఁడే. అయినను, ఇట్టి చిత్రములు సైనికునిపై జాలిగొలుపుచు, అతని సేన యొనర్చిన ఘోరములను మఱపించుననెడి ఆక్షేపణ, రెండవ ప్రపంచయుద్ధ చిత్రముల విషయమున త్రోసివేయఁదగినది కాదు.